అహేరి అడవి బాటలు, మన సైకిళ్ళు



పోయిన నెల మీటింగులో మన కుర్రవాళ్ళు ఒక ప్రతిపాదన పెట్టారు. చలికాలంలో అహేరి, అల్లాపల్లి అడవుల్లో మౌంటెన్ సైకిళ్ళ మీద రెండు రోజుల యాత్ర చేద్దామని, అక్కడి గుట్టల మీది కాలిబాటలన్నీ ఫోనుతో కొలిచి మ్యాపు గీసి, ఎవరైనా వచ్చి తొక్కుకునేలా నెట్‌లో పెడదామని. సగం మంది చప్పట్లు కొట్టారు. సగం మంది "ఆ అడవిలో సైకిలేమిటయ్యా" అని నవ్వారు. ప్రెసిడెంటు గారు మా వైపు తిరిగి, "మీరు ఆ పక్క తిరిగినవారు కదా, చెప్పండి" అన్నారు. అప్పుడు నోరు పెగల్లేదు. నలుగురిలో నిలబడి మాట్లాడడం మాకు రాదు, రాయడం కొంచెం నయం. అందుకే ఈ పెద్ద పోస్టు. టీ పెట్టుకుని కూర్చోండి.

కొత్తగా చేరినవారి కోసం ఒక మాట. మేము చదివింది తమిళ మీడియం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు రైల్వేలో చేరిన తరువాత స్టేషన్ బోర్డులు చూసి నేర్చుకున్నాం. హిందీ, ఇంగ్లీషు పక్కన తెలుగు ఉంటుంది కనుక బోర్డే మాకు బాలశిక్ష. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే పెద్దలు సరిదిద్దండి.

ముందు ఆ నేల సంగతి చెప్పాలి. బాట గురించి మాట్లాడాలంటే దాని మీద ఎవరు నడిచారో తెలియాలి కదా.

వార్ధా, వైన్‌గంగ నదులు కలిసిన చోటు నుంచి నదికి ప్రాణహిత అని పేరు. ఆ ప్రాణహిత ఎడమ గట్టున అహేరి. ఇంకా దక్షిణంగా దిగితే, ప్రాణహిత గోదావరిలో కలిసే చోట సిరొంచ. ఎదురుగా కాళేశ్వరం. మహారాష్ట్రలో ఉన్నా సిరొంచ బజారులో వినబడేది తెలుగే. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి, బడికి వెళ్ళి మరాఠీలో చదువుతారు. మొదటిసారి అది చూసినప్పుడు, మా బడి రోజులే గుర్తొచ్చాయి. భాష వేరు కానీ కథ అదే.

ఎందుకిలా అయింది? 1860లో నిజాం గోదావరి ఎడమ గట్టు తాలూకాలను బ్రిటిష్ వారికి వదులుకున్నాడు. వాటితో అప్పర్ గోదావరి జిల్లా అని ఒకటి చేసి సిరొంచలో కచేరీ పెట్టారు. అంటే నేటి భద్రాచలం కూడా కొంతకాలం సిరొంచ కింద ఉండేదన్న మాట. 1874లో ఆ జిల్లాను రద్దు చేశారు. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మద్రాసు ప్రెసిడెన్సీకి పోయాయి, సిరొంచ చాందా జిల్లాలో కలిసింది. అప్పటి సెంట్రల్ ప్రావిన్సెస్ తరువాత మధ్యప్రదేశ్, 1956లో బొంబాయి రాష్ట్రం, 1960లో మహారాష్ట్ర. 1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లా. ఊళ్ళు ఉన్న చోటే ఉన్నాయి, బోర్డులు మాత్రం మారుతూ వచ్చాయి.

జిల్లా మొదటి రోజుల్లో డిప్యూటీ కమిషనర్‌గా ఉన్న కెప్టెన్ గ్లాస్‌ఫర్డ్ పేరు అక్కడ ఇంకా నిలిచి ఉంది. సిరొంచలో గ్లాస్‌ఫర్డ్ బంగళా ఉంది, దగ్గర్లో గ్లాస్‌ఫర్డ్‌పేట అనే ఊరూ ఉంది. దొర పేరుకి తెలుగు 'పేట' తగిలించారు. మనవాళ్ళు ఎవరినీ వదలరు!

ఆ రోజుల్లో అక్కడ రోడ్లు లేవు. ఉన్నవి కాలిబాటలు, బండిబాటలు. ఆ బాటలు తెలిసినవాడిదే పైచేయి. 1858లో మొలంపల్లి జమీందారు బాబూరావు షెడ్మాకే తిరగబడినప్పుడు ఇది బాగా కనబడుతుంది. ఆ ఏడాది ఏప్రిల్ 29న ప్రాణహిత ఒడ్డున చించ్‌గుండి దగ్గర టెలిగ్రాఫ్ వాళ్ళ మకాం మీద దాడి జరిగింది. గార్ట్‌లాండ్, హాల్ అనే ఇద్దరు ఉద్యోగులు చనిపోయారు, పీటర్ అనే అతను తప్పించుకున్నాడు. ఫౌజు వెంటబడినా నెలల తరబడి బాబూరావు చిక్కలేదు. గుట్టల మీది బాటలు ఆయనవి. చివరికి అహేరి జమీందారిణి లక్ష్మీబాయి మనుషులు పట్టి ఇచ్చారు. ఆ బాటలు వాళ్ళకీ తెలుసు మరి. అక్టోబర్ 21న చాందా జైలులో ఉరి తీశారు. మేము తంతి రోజుల్లో పని మొదలుపెట్టినవాళ్ళం కనుక గార్ట్‌లాండ్, హాల్ పేర్లు చదివితే మనసు కలుక్కుమంటుంది. బాబూరావు పేరు చదివినా అంతే. ఒకే కథలో ఇద్దరి వైపూ దుఃఖం ఉంటుందని వయసు వచ్చాక తెలిసింది.

ఇక సర్కారు వారి ఆలోచన రోడ్డు మీద కాదు, నీటి మీద. సర్ ఆర్థర్ కాటన్ కల అది. బేరార్ పత్తిని పడవల్లో గోదావరి మీదుగా సముద్రానికి దింపాలని. నదిలో మూడు చోట్ల బండరాళ్ళు అడ్డం. మొదటిది దుమ్ముగూడెం, రెండోది ఇచ్చంపల్లి, మూడోది మన అహేరి దగ్గరి దేవల్‌మరి. హెయిగ్ అనే ఇంజనీరు పర్యవేక్షణలో ఏళ్ళ తరబడి పని జరిగింది. ఈలోగా 1867లో జీఐపీ రైల్వే నాగపూర్ చేరింది. పత్తికి బొంబాయి దగ్గరైపోయింది. 1871లో పడవల పథకం ఆపేశారు.

రైలు వచ్చి పడవను చంపింది, సరే. మరి ఆ రైలైనా అహేరికి వచ్చిందా? రాలేదు. కాజీపేట నుంచి బల్లార్షా వరకు లైను 1929 నాటికి కలిసింది, గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ నడిచింది. కానీ అదంతా ప్రాణహితకు పడమట. ఇవాళ్టికీ అహేరి, సిరొంచ తాలూకాలలో రైలు కూత లేదు. పడవ ఆగిపోయి, రైలు రాక, మధ్యలో మిగిలినవాళ్ళకు దిక్కు ఏది? కాళ్ళు, ఎడ్లబండి. ఆ తరువాత సైకిల్.

సైకిల్ సంగతి మాకు ప్రత్యక్షంగా తెలుసు. సిర్పూర్ కాగజ్‌నగర్ స్టేషన్‌లో పార్శిల్ గుమాస్తాగా కొన్నేళ్ళు పని చేశాం. సైకిళ్ళు పార్శిల్‌లో ఎలా వచ్చేవో చూడని వారికి చెబుతాం. సైకిల్‌గా రావు. ఫ్రేములు గడ్డి చుట్టి కట్టలుగా, రిమ్ములు వేరే కట్ట, చైన్లు, పెడళ్ళు చెక్కపెట్టెలో. వేబిల్లు చూసి నగలు లెక్క పెట్టుకుని డెలివరీ ఇవ్వాలి. అంబత్తూరు నుంచి వచ్చిన కట్ట చూస్తే మా ఊరి నుంచి ఎవరో వచ్చినట్టు ఉండేది. 1949లో మద్రాసు పక్కన అంబత్తూరులో టీఐ సైకిల్స్ మొదలైంది, హెర్క్యులిస్ అక్కడిదే. సోనీపత్‌లో అట్లాస్ 1951, లుధియానాలో హీరో సైకిల్ 1956. ఈ కట్టల్లో కొన్ని కౌటాల మీదుగా గూడెం రేవుకు పోయి, నాటు పడవలో ప్రాణహిత దాటి అహేరి చేరేవి. అక్కడి షాపువాడు బిగించి అమ్మేవాడు. ఇప్పుడు ఆ రేవు దగ్గర వంతెన ఉంది. అప్పుడు పడవవాడు మనిషికి ఒక రేటు, సైకిల్‌కి ఒక రేటు తీసుకునేవాడు.

ఆ సైకిళ్ళు అడవిలో ఏం చేశాయి? బడిపంతులు, పోస్టుమాన్, గ్రామసేవక్, రక్తపు చుక్క తీసుకుపోయే మలేరియా వర్కర్, తునికాకు కల్లం మున్షీ, వీళ్ళందరివీ సైకిళ్ళే. ఇప్పపువ్వు బస్తా ఫ్రేములో ఒకటి, వెనక ఒకటి కట్టి పక్కన నడుచుకుంటూ సంతకు తోసుకొచ్చేవారు. వెదురు బొంగులు పొడవునా కట్టి తెచ్చేవారు. తొక్కడం తక్కువ, తోయడం ఎక్కువ. వాచీ, రేడియో, సైకిల్ పెళ్ళిలో ఇస్తే అల్లుడికి గొప్ప. సైకిల్ ఉన్న ఇంటివాడిని జ్వరం వచ్చినవాళ్ళ తరఫున అర్ధరాత్రి కూడా లేపేవారు. ఊరికంతటికీ అదే అంబులెన్సు.

1987 సంక్రాంతి తరువాత మేము, మా ఆఫీసు మిత్రులు ఇద్దరు కలిసి మూడు సైకిళ్ళ మీద బయలుదేరాం. వయసు ఇరవై నాలుగు, ఇరవై ఐదు. గూడ్స్ ఆఫీసులో పనిచేసే అన్న ఒకాయన మాకంటే పదేళ్ళు పెద్ద, ఆయనే మాకు నాయకుడు. వరసగా రెస్టులు కలుపుకుని నాలుగు రోజులు సంపాదించాం. గూడెం రేవు దాటి అహేరి, అక్కడి నుంచి అల్లాపల్లి.

అల్లాపల్లి టేకు గురించి వినని రైల్వేవాడు ఉండడు. వెనకటి రోజుల్లో దుంగలను కట్టి ప్రాణహిత, గోదావరి నీళ్ళలో వదిలితే రాజమండ్రి వైపు తేలుకుంటూ పోయేవట. 2023లో అయోధ్య గుడి తలుపులకు టేకు పంపింది కూడా ఈ అడవి నుంచే, బల్లార్షా డిపో మీదుగా. భామ్రాగడ్ రోడ్డులో 'గ్లోరీ ఆఫ్ అల్లాపల్లి' అని కొన్ని ఎకరాల పాత అడవిని గొడ్డలి తగలకుండా వదిలేశారు. 2014లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, మహారాష్ట్రలో అదే మొదటిది. మేము వెళ్ళినప్పుడు ఆ పేర్లేవీ లేవు. మెడ నొప్పి పుట్టేదాకా తల ఎత్తి చూశాం, అంతే.

సిరొంచ వైపు పోయే రోడ్డులో రేపనపల్లి దగ్గర తిరిగి కమలాపూర్ చేరాం. అటవీశాఖ ఏనుగుల క్యాంపు అక్కడే ఉంది. అక్కడి నుంచి గుట్ట మీదుగా ఒక కాలిబాట అవతలి వైపు ఊళ్ళకు దిగుతుందని చెప్పారు. బండిబాట వాగు పట్టుకుని చుట్టూ తిరిగి పోతుంది, కాలిబాట గుట్ట ఎక్కి తిన్నగా పోతుంది. ఎడ్లకు ఎక్కుడు కష్టం, మనిషికి దూరం కష్టం. అందుకే అడవిలో రెండు రకాల బాటలు. మేము కాలిబాట పట్టాం.

తమిళంలో దీనికి ఒక మంచి మాట ఉంది, 'ఒట్రైయడి పాదై'. ఒక అడుగు పట్టేంత బాట అని అర్థం. ఇప్పుడు మౌంటెన్ సైకిల్ వాళ్ళు సింగిల్ ట్రాక్ అని గొప్పగా చెప్పుకునేది సరిగ్గా అదే. ఒకరి వెనక ఒకరు తప్ప పక్కపక్కన పోలేరు.

గేర్లు లేని సైకిల్ మీద గుట్ట ఎక్కడం అంటే, ఎక్కేటప్పుడు మేము సైకిల్‌ని మోశాం, దిగేటప్పుడు అది మమ్మల్ని మోసింది. ఆ దిగుడులో నేర్చుకున్నవి ఇప్పటి పిల్లలకూ పనికొస్తాయి. సీటు బాగా కిందికి దించుకోవాలి. పిరుదులు సీటు మీద నుంచి లేపి వెనక్కి జరగాలి, లేకపోతే ముందు చక్రం మీదుగా పల్టీ కొడతాం. రెండు పెడళ్ళూ ఒకే ఎత్తులో పెట్టాలి, కిందికి ఉన్న పెడల్ రాయికి తగులుతుంది. చూపు చక్రం దగ్గర కాదు, పది గజాల ముందు ఉండాలి. ట్యూబులో గాలి కొంచెం తగ్గిస్తే టైరు నేలను పట్టుకుంటుంది. రాడ్ బ్రేకులు కనుక రబ్బరు కాలిన వాసన వచ్చేది. ఒక చోట విరిగిన కొమ్మను తాడుతో వెనక కట్టి ఈడ్చుకుంటూ దిగాం, అది మా మూడో బ్రేకు.

అన్నిటికంటే మోసం టేకు ఆకు. జనవరి నుంచి రాలుతుంది, పళ్ళెమంత ఆకు, ఎండి గలగలలాడుతూ బాట మీద పరుచుకుంటుంది. దాని కింద రాయి ఉందో గుంట ఉందో తెలియదు. అక్కడే మా గూడ్స్ ఆఫీసు అన్న పడ్డారు. ముందు చక్రం రాళ్ళ మధ్య ఇరుక్కుంది, ఆయన భుజం మీద పడ్డారు. లేచి కూర్చుని "ఏం కాలేదు" అన్నారు కానీ చెయ్యి లేవలేదు. కంటె ఎముక విరిగింది.

సాయంత్రం నాలుగు గంటలు. రోడ్డు ఎక్కడో తెలియదు. మేము అరిచిన అరుపులకు కట్టెలు కొడుతున్న మాడియా గోండు మనుషులు ఇద్దరు వచ్చారు. వాళ్ళ ఊరు తీసుకుపోయారు. పది పదిహేను ఇళ్ళు. ఆ ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకో చివర తెలుస్తుంది. ఒక ముసలాయనకు సిరొంచ సంతకు పోయిన అలవాటు, తెలుగు వచ్చు. ఆయన అన్న భుజం తడిమి చూసి, గుడ్డతో చెయ్యి ఛాతీకి కట్టి, "రాత్రి ఇక్కడ ఉంచద్దు సారు, తొవ్వ మీదికి మోద్దాం" అన్నారు. నులకమంచం తిరగేసి, బొంగులు కట్టి, నలుగురు నలుగురు మారుతూ రాత్రంతా మోశారు. ముందు ఒకతను కాగడా పట్టుకున్నాడు. మా మూడు సైకిళ్ళనూ పిల్లలు తోసుకొచ్చారు. తెల్లవారేసరికి రోడ్డు మీద ఒక కలప లారీ దొరికింది. మేము డబ్బులు తీస్తే ఎవరూ ముట్టుకోలేదు. ముసలాయన "నీళ్ళు తాగి పోన్రి" అన్నారు, అంతే.

ఇంతవరకు మీలో కొందరు మా నోటి నుంచి విన్నదే. ఎన్ని పిక్నిక్కుల్లో చెప్పలేదు! ఇకపై రాసేది ఎవరికీ చెప్పలేదు.

కాగజ్‌నగర్ తిరిగి వచ్చాక మేము ఈ కథ టీ కొట్టు దగ్గర వంద సార్లు చెప్పాం. గుట్ట ఎక్కడ, బాట ఎక్కడ విడిపోతుంది, వాగు దగ్గర పెద్ద మద్ది చెట్టు గుర్తు, అన్నీ చెప్పాం. వినేవాళ్ళు పెరిగేకొద్దీ వివరాలు పెరిగాయి. ఆ వేసవిలో మాకు తెలిసిన కొందరు, పేర్లు అనవసరం, మోటారు సైకిళ్ళ మీద అదే బాటలో పోయారు. మా గుర్తులు పట్టుకునే పోయారు. ఊరి దేవర రాళ్ళు ఉన్న చోట చెట్టు కింద కూర్చుని తాగారు. సీసాలు రాళ్ళకు కొట్టి పగలగొట్టారు. తిరిగి వచ్చి "మీరు చెప్పిన చోటు భలే ఉంది" అని మాకే చెప్పారు. మేమూ నవ్వాం.

మరుసటి ఏడాది చలికాలంలో ముసలాయనకు ఒక దుప్పటి, పిల్లలకు బెల్లం తీసుకుని వెళ్ళాం. కూర్చోబెట్టారు, నీళ్ళిచ్చారు. కొంచెం సేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ముసలాయన నెమ్మదిగా అడిగారు.

"ఆ బండ్లోళ్ళకు ఈ తొవ్వ చెప్పింది మీరేనా సారు?"

కోపం లేదు గొంతులో. తెలుసుకుందామని అడిగినట్టే అడిగారు. ఆయన మనవరాలు ఇప్పపువ్వు ఏరడానికి తెల్లవారుజామున చీకట్లో పోతూ గాజు పెంకు తొక్కిందట. అడవిలో చెప్పులు ఎవరికున్నాయి? పాదం చీము పట్టి రెండు నెలలు మంచం మీద ఉంది. ఇప్పపువ్వు కాలమంతా పోయింది. ఆ పువ్వు అమ్మితేనే వాళ్ళకు ఉప్పు, నూనె, బట్ట. ఆ పిల్ల గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూస్తోంది, కొంచెం కుంటుతోంది.

మేము "అవును తాతా" అనలేదు. "వాళ్ళు ఎవరో మాకు తెలియదు" అన్నాం. ఆయన తల ఊపారు. నమ్మారో లేదో తెలియదు. దుప్పటి తీసుకున్నారు. మళ్ళీ మేము ఆ ఊరికి పోలేదు. ఆ తరువాత నక్సలైట్ల గొడవ ముదిరింది, కొత్త మనిషి సైకిల్ మీద కనబడితే ఇటువాళ్ళూ అనుమానించేవారు, అటువాళ్ళూ అనుమానించేవారు. అది ఒక కారణం అని చెప్పుకున్నాం. అసలు కారణం సిగ్గు.

ఇప్పుడు మీటింగులో అడిగిన ప్రశ్నకు వద్దాం. బాటల మ్యాపు నెట్‌లో పెడదామా?

మౌంటెన్ సైకిల్ పుట్టిన చోట ఏం జరిగిందో చూడండి. అమెరికాలో కాలిఫోర్నియా, మారిన్ కౌంటీ. 1976 అక్టోబర్‌లో కొందరు కుర్రాళ్ళు లావు టైర్ల పాత ష్విన్ సైకిళ్ళతో ఒక కొండ దిగుడులో పందెం పెట్టుకున్నారు. రెండు మైళ్ళలో 1300 అడుగుల దిగుడు. కాలితో వేసే హబ్ బ్రేకులో గ్రీజు కాలి ఆవిరయ్యేది, ప్రతి పరుగు తరువాత మళ్ళీ గ్రీజు నింపాలి. అందుకే ఆ పందానికి 'రీప్యాక్' అని పేరు. మా రబ్బరు వాసన గుర్తొచ్చింది చదివినప్పుడు. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ 'మౌంటెన్ బైక్స్' అని కంపెనీ పెట్టారు. 1981లో స్టంప్‌జంపర్ అనే సైకిల్ ఫ్యాక్టరీలో తయారై బజారుకు వచ్చింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో పోటీ కూడా అయింది. కానీ అదే మారిన్‌లో నడిచేవాళ్ళకు, సైకిల్ వాళ్ళకు గొడవలు వచ్చి 1980లలోనే చాలా కాలిబాటల్లో సైకిళ్ళను నిషేధించారు. పుట్టింట్లోనే గెంటేశారన్న మాట. బాట ముందు నుంచి నడిచేవాళ్ళది కనుక.

బాట కట్టే శాస్త్రం కూడా వాళ్ళు తరువాత నేర్చుకున్నారు. కొండ వాలు ఎంత ఉందో, బాట వాలు అందులో సగానికి మించకూడదు. మొత్తం మీద సగటు వాలు వందకు పది దాటకూడదు. దాటితే వానాకాలంలో నీళ్ళు బాట పట్టుకునే పారి దాన్ని కాలువ చేస్తాయి. అహేరి గుట్టల కాలిబాటలు చాలా చోట్ల దీనికంటే నిటారు. ఉత్తి పాదాలతో పది మంది నడిస్తే నిలిచే బాట, వందల టైర్లు బ్రేకు వేస్తూ ఈడ్చుకుపోతే రెండు వానలకు గండి పడుతుంది. అప్పుడు నీళ్ళకుండతో నడిచే మనిషి ఎక్కడ నడవాలి?

ఇంకొకటి, ఆ అడవికి ఇప్పుడు చట్టప్రకారం అడగవలసిన పెద్దలు ఉన్నారు. 2006 అటవీ హక్కుల చట్టం కింద దేశంలో మొదట సామూహిక అటవీ హక్కు పొందిన ఊళ్ళలో ఒకటి గడ్చిరోలి జిల్లాలోని మెండా లేఖా, 2009లో. ఆ జిల్లాలో గ్రామసభ అంటే పేరుకు మాత్రమే కాదు. అడవిని కాపాడుకునే అధికారం వాళ్ళకుంది. అటవీశాఖ అనుమతి ఒక్కటే తెచ్చుకుని పోతామంటే కుదరదు, కుదిరినా మర్యాద కాదు.

రైల్వేలో వెనకటి రోజుల్లో సింగిల్ లైను సెక్షన్‌లో టోకెన్ లేకుండా డ్రైవరు బండి కదిపేవాడు కాదు. ఆ ఇనుప గుండు చేతికి వస్తేనే లైను తనది, అవతలి స్టేషన్‌లో తిరిగి ఇచ్చేయాల్సి వచ్చేది. మా ఉద్దేశంలో గ్రామసభ మాటే ఆ టోకెన్. అది వచ్చాకే కాలిబాట మీద చక్రం పెట్టాలి, పని అయ్యాక బాట వాళ్ళది వాళ్ళకు వదిలేయాలి.

యాత్ర వద్దని మేము అనడం లేదు. పిల్లలు వెళ్ళాలి. సిరొంచ దగ్గర వడదంలో రాయిగా మారిన చెట్లు చూడాలి. పోచంపల్లి దగ్గర దొరికిన ఎముకలతో కలకత్తా స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పెద్ద డైనోసార్‌ను నిలబెట్టారు, రవీంద్రనాథ్ ఠాగూర్ పేరు మీద దాని పేరు బారాపాసారస్ టాగోరై. మన తెలుగు మాట్లాడే నేల కింద అది పడుకుని ఉందని మన పిల్లల్లో ఎందరికి తెలుసు? కాబట్టి మా అభిప్రాయం ఇది.

ఒకటి, మొదటి ఏడాది రోడ్లు, అటవీశాఖ బండిబాటలు మాత్రమే. కాలిబాటలు గ్రామసభ ఒప్పుకున్న చోట, ఊరి మనిషి ముందు నడుస్తుండగా మాత్రమే. ఆయనకు రోజు కూలీ సంఘం ఇవ్వాలి.

రెండు, డిసెంబర్ నుంచి జనవరి మధ్య వరకే. తరువాత టేకు ఆకు, ఆ పైన ఇప్పపువ్వు, తునికాకు కాలం. వాళ్ళ పని రోజుల్లో మనం అడ్డం పడకూడదు. 2021 నుంచి ఛత్తీస్‌గఢ్ ఏనుగుల మంద జిల్లాలో తిరుగుతోంది, పులులు సరే సరి. చీకటి పడకముందే దిగిపోవాలి.

మూడు, మద్యం, గాజు సీసాలు వద్దు. దీని మీద మాకు బేరం లేదు.

నాలుగు, మ్యాపు గీయండి, గీసిన కాగితం గ్రామసభ చేతికి ఇవ్వండి. నెట్‌లో పెట్టాలా వద్దా వాళ్ళు చెప్పాలి.

ఐదు, మానవ వికాస్ పథకం కింద ఆ తాలూకాల ఆడపిల్లలకు బడికి పోవడానికి సైకిళ్ళు ఇస్తున్నారు. చాలా ఊళ్ళలో పంక్చరు వేసేవాడు లేక అవి గోడకు ఆనించి ఉంటాయి. మన యాత్రతో పాటు పంపు, ప్యాచీలు, స్పానర్ల పెట్టె ఒకటి ప్రతి మజిలీలో ఇచ్చి, ఇద్దరు పిల్లలకు పని నేర్పి రావాలి. మొదటి పెట్టె ఖర్చు మాది. ట్యూబు విప్పడం, చైను ఎక్కించడం మాకు ఇంకా చేతనవును. కీళ్ళు నొప్పి పెట్టినా జీపులో వెనక వస్తాం.

ఆ ముసలాయన ఇప్పుడు ఉండరు. మనవరాలికి యాభై దగ్గర పడి ఉంటుంది. సంఘం ఒప్పుకుంటే, ఏ గ్రామసభను ముందు అడగాలో మాకు తెలుసు. ఆ ఊరి పేరు ప్రెసిడెంటు గారికి విడిగా చెబుతాం. అడగడానికి మేమే వెళతాం. అక్కడ ముందు చెప్పవలసిన మాట ఒకటి ముప్పై ఏడేళ్ళుగా బాకీ ఉంది.

వచ్చే ఆదివారం మీటింగులో కలుద్దాం. తేదీలలో ఏదైనా పొరపాటు ఉంటే చెప్పండి, దిద్దుకుంటాం. సిరొంచ, అహేరి వైపు పాత ఫోటోలు ఉన్నవారు కింద పెట్టండి, ముఖ్యంగా గూడెం రేవు పడవల ఫోటో ఎవరి దగ్గరైనా ఉంటే.

నమస్కారం.